స్టాన్‌ఫర్డ్ తత్త్వశాస్త్ర విజ్ఞానసర్వస్వంలో ‘ఆగమన సమస్య’: ఒక సమీక్ష

తర్కాన్ని డిగ్రీలోనో బి.ఎడ్.లోనో చదువుకున్నవారికి ఆగమన పద్ధతి ఒక నిర్వచనంగా గుర్తుంటుంది: ఉదాహరణల నుంచి సూత్రానికి వెళ్తే ఆగమనం, సూత్రం నుంచి ఉదాహరణలకు వస్తే నిగమనం. చూసిన కొన్నింటిని బట్టి చూడనివాటి గురించి కూడా సూత్రం చెప్పే అధికారం మనకు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నను ఆ నిర్వచనం తాకదు. ఆ ప్రశ్నను మొదటి నుంచి చివరిదాకా, పైసా ఖర్చు లేకుండా, నమ్మదగిన చోట చదువుకోవాలనుకునేవారికి నేను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే తత్త్వశాస్త్ర విజ్ఞానసర్వస్వాన్ని, అందులోనూ లియా హెండర్సన్ రాసిన ‘ఆగమన సమస్య’ అనే వ్యాసాన్ని సూచిస్తాను. ఇంగ్లిషు చదవగలిగి, ఓపికగా ఒక వాదం వెంట నడవగలిగిన తెలుగు పాఠకుడికి అది ఎంతవరకు ఉపయోగపడుతుందో, ఎక్కడ పక్కన మరొక పుస్తకం పెట్టుకోవాలో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ఈ విజ్ఞానసర్వస్వం 1995లో ఎడ్వర్డ్ జాల్టా సంపాదకత్వంలో మొదలైంది. ఎవరైనా వచ్చి దిద్దగలిగే వేదిక కాదిది. ఆయా విషయాలలో పరిశోధన చేసినవారిని ఆహ్వానించి రాయిస్తారు, ప్రచురణకు ముందు ఆ రంగంలోని పండితుల చేత పరిశీలింపజేస్తారు, ఆ తర్వాత కూడా రచయిత కాలానుగుణంగా సవరిస్తూ ఉండాలని కోరతారు. 1,700కు పైగా వ్యాసాలున్నా ప్రకటనలు లేవు, చదవడానికి చందా లేదు. పీడీఎఫ్ రూపంలో దించుకోవాలంటే మాత్రం కొద్దిపాటి వార్షిక రుసుముతో సభ్యత్వం తీసుకోవాలి. ఆగమన సమస్యపై హెండర్సన్ వ్యాసం 2018లో వచ్చింది.

సమస్యను ఈనాడు మనం చర్చించే రూపంలో పెట్టినవాడు స్కాట్లండ్ తాత్త్వికుడు డేవిడ్ హ్యూమ్. 1739లో వెలువడిన తన తొలి గ్రంథంలో దాన్ని లేవనెత్తి, 1748 నాటి రచనలో మరింత తేటగా తిరిగి రాశాడు. ఇన్నాళ్లూ తిన్న రొట్టె బలమిచ్చింది కాబట్టి ఇప్పుడు తినబోయే రొట్టె కూడా బలమిస్తుందని అనుకుంటాం. అలా అనుకోవడం వెనుక, చూడనివి చూసినవాటిలాగే ఉంటాయన్న నమ్మకం ఉంది. దానికే ప్రకృతి ఏకరూపతా సూత్రమని పేరు. ఆ సూత్రాన్ని సమర్థించడానికి హ్యూమ్‌కు రెండే దారులు కనిపించాయి. మొదటిది గణితంలో మాదిరిగా, కాదంటే వైరుధ్యం వచ్చేలా నిరూపించడం. కానీ రేపటి రొట్టె బలమివ్వదని ఊహించుకోవడంలో ఏ వైరుధ్యమూ లేదు. రెండవది, ఇంతవరకు ప్రకృతి ఏకరూపంగానే నడిచింది కాబట్టి ఇకముందు కూడా అలాగే నడుస్తుందని అనుభవాన్ని సాక్ష్యం పిలవడం. అలా చేస్తే నిరూపించవలసినదాన్నే ముందుగా ఒప్పుకున్నట్టు అవుతుంది, మన శాస్త్రాలు చెప్పే ఆత్మాశ్రయ దోషం వచ్చిపడుతుంది. మనం తర్కం వల్ల కాదు, అలవాటు వల్ల ఇలా అనుకుంటున్నామన్నది హ్యూమ్ తేల్చిన మాట.

ఇంతవరకు ఏ పరిచయ గ్రంథంలోనైనా దొరుకుతుంది. హెండర్సన్ వ్యాసం ప్రత్యేకత దీని తర్వాత మొదలవుతుంది. హ్యూమ్ వాదాన్ని ఆమె విడివిడి ఆధారవాక్యాలుగా విప్పి, ఒక్కొక్కదానికి సంఖ్య వేసి, ఏ వాక్యం మీద ఏ వాక్యం ఆనుకుని ఉందో చూపిస్తుంది. ఆ తర్వాత గడచిన రెండున్నర శతాబ్దాలకు పైగా వచ్చిన సమాధానాలను కాలక్రమంలో కాక, ఒక్కో సమాధానం ఏ ఆధారవాక్యాన్ని కాదంటుందో దాన్ని బట్టి వర్గీకరిస్తుంది. తాత్త్వికుల పేర్లూ తేదీలూ వరసగా అప్పగించే పద్ధతికి అలవాటుపడిన మనకు ఈ అమరిక చాలా మేలు చేస్తుంది. హ్యూమ్‌తో విభేదిస్తున్నానని ఎవరైనా అన్నప్పుడు, ‘సరే, వాదంలో ఏ వాక్యం తప్పంటారు?’ అని అడగడం ఈ వ్యాసం నేర్పుతుంది. నా దృష్టిలో దీని విలువలో సగం ఆ ఒక్క క్రమశిక్షణలోనే ఉంది.

మొదటి దారి మూసుకుపోలేదని వాదించేవారిలో సంభావ్యతా గణితాన్ని నమ్ముకున్నవారు ముఖ్యులు. థామస్ బేయ్స్ మరణానంతరం 1763లో అచ్చయిన వ్యాసమూ, తరవాత ఫ్రెంచి గణితజ్ఞుడు లాప్లాస్ దాన్ని పెంచి పెద్దచేసిన తీరూ ఇక్కడ చర్చకు వస్తాయి. ఈ భాగం సంభావ్యతతో పరిచయం లేనివారికి కష్టమే అయినా, ఇందులోని అసలు చిక్కు కాగితం మీద వేసి చూసుకోదగినంత చిన్నది. తెల్లవీ నల్లవీ బంతులున్న పాత్రలోంచి ఒక్కొక్కటి తీసి, చూసి, మళ్లీ అందులోనే వేస్తున్నామనుకుందాం. తెల్లవాటి నిష్పత్తి ఎంతైనా కావచ్చు, అన్ని నిష్పత్తులకూ సమాన అవకాశం ఉందని మొదట అనుకుంటే, వరసగా పది తెల్లబంతులు వచ్చాక పదకొండోది తెల్లదయ్యే సంభావ్యత లాప్లాస్ సూత్రం ప్రకారం 11/12 అవుతుంది. అనుభవం మనకు నేర్పినట్టే కదా అనిపిస్తుంది. ఇప్పుడు సమానత్వాన్ని మరోచోట పెట్టి చూడండి. నిష్పత్తులకు కాకుండా, తెలుపు నలుపుల వరసలన్నింటికీ సమాన అవకాశం ఉందనుకుందాం. పదకొండు బంతులకు సాధ్యమైన వరసలు 2,048. మొదటి పదీ తెల్లవే అని తేలాక మిగిలేవి రెండే వరసలు, ఒకదానిలో పదకొండోది తెలుపు, రెండోదానిలో నలుపు. కాబట్టి సంభావ్యత 1/2. పది కాదు, పది లక్షల తెల్లబంతులు చూసినా ఆ సగం సగంగానే ఉండిపోతుంది, అనుభవం ఏమీ నేర్పదు. గణితం రెండు చోట్లా నిర్దోషమే. తేడా అంతా మొదట మనం దేన్ని సమానమని ఎంచుకున్నామన్న దానిలో ఉంది, ఆ ఎంపికను సమర్థించే పని గణితం చేయదు. హ్యూమ్ అడిగిన ఏకరూపత వెనుక గుమ్మం గుండా తిరిగి లోపలికి వచ్చిందన్నమాట. నేటి యంత్రాభ్యాసంలో, అంటే మెషీన్ లెర్నింగ్‌లో, ఏ ఊహా లేకుండా అన్ని సమస్యలకూ మేలైన అభ్యాస పద్ధతి ఉండదని చెప్పే సిద్ధాంతాలు ఈ లెక్కకు దగ్గరి చుట్టాలే కాబట్టి, ఆ రంగంలో పనిచేస్తున్న మనవాళ్లు ఈ భాగాన్ని తప్పక చదవాలి.

రెండవ దారిలో నాకు బాగా నచ్చినది జాన్ నార్టన్ ప్రతిపాదన. అన్ని ఆగమనాలకూ కలిపి ఒకే సూత్రం ఉండాలన్నదే పొరపాటని, ప్రతి ఆగమనమూ ఆయా విషయానికి చెందిన ప్రత్యేక వాస్తవాల నుంచే తన అధికారం తెచ్చుకుంటుందని ఆయన అంటాడు. బిస్మత్ లోహపు కొన్ని నమూనాలు 271 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే, బిస్మత్ అంతా అక్కడే కరుగుతుందని ధైర్యంగా చెప్పవచ్చు. మైనపు నమూనాలు కొన్ని 91 డిగ్రీల వద్ద కరిగినంత మాత్రాన మైనమంతా అలాగే కరుగుతుందని చెప్పలేం. రెండు వాదాల రూపమూ ఒకటే. కానీ మూలకాలు తమ భౌతిక ధర్మాలలో ఏకరీతిగా ఉంటాయన్న వాస్తవం మొదటిదానికి అండగా ఉంది, మైనం రకరకాల పదార్థాల మిశ్రమం కాబట్టి రెండవదానికి ఆ అండ లేదు.

ఈ మాటకు మన దేశంలో తగిన ఉదాహరణ రుతుపవనాల ముందస్తు అంచనా. వందేళ్ల క్రితం గిల్బర్ట్ వాకర్ కాలం నుంచి ఎక్కడెక్కడి వాయుపీడనాలకూ, ఉష్ణోగ్రతలకూ మన వానలతో ఉన్న గణాంక సంబంధాలను వెతికి వాటి మీద అంచనాలు కట్టేవారు. 1988 నుంచి భారత వాతావరణ శాఖ పదహారు సూచికల నమూనాను వాడింది. పద్నాలుగేళ్లు నిలిచిన ఆ పద్ధతి 2002లో కూడా సాధారణ వర్షపాతమే సూచించింది. ఆ ఏడు దేశవ్యాప్తంగా కురిసింది దీర్ఘకాల సగటులో 81 శాతమే. మరుసటి సంవత్సరమే నమూనాను మార్చారు. పాత సంబంధాలు ఎన్నేళ్లుగా కుదిరాయో లెక్కపెట్టడం కన్నా, వాటిని నిలబెట్టే సముద్ర, వాయు ప్రక్రియలు ఇంకా అలాగే ఉన్నాయా అని అడగడం ముఖ్యమన్నది నార్టన్ పక్షానికి బలమైన సాక్ష్యం. అయినా ఆయన సమాధానం చర్చను ముగించదు. ఆ ప్రత్యేక వాస్తవాలు కూడా ఆగమనం ద్వారానే తెలియాలి, వాటిని నిలబెట్టే వాస్తవాలు మళ్లీ మరో ఆగమనం ద్వారా తెలియాలి, ఈ గొలుసు అనవస్థకు, అంటే ఎక్కడా ఆగని పరంపరకు, దారితీయదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ప్రతి పరిష్కారానికీ చెల్లించవలసిన మూల్యాన్ని ఈ విధంగా పక్కనే చెప్పడం వ్యాసంలో మొదటి నుంచి చివరిదాకా కనిపిస్తుంది, ఏ ఒక్క పక్షాన్నీ గెలిపించాలన్న తొందర కనబడదు.

హాన్స్ రైషెన్‌బాఖ్ దారి వేరు. ఆగమనం ఫలిస్తుందని నిరూపించలేకపోయినా, ఏదో ఒక పద్ధతి ఫలించే పక్షంలో ఆగమనం కూడా ఫలిస్తుందని చూపితే చాలు, వాడుకోవడానికి అంతకన్నా హామీ అక్కర్లేదన్నది ఆయన వాదం. చూసినంతలో ఒక ఘటన ఎంత తరచుగా జరిగిందో అదే నిష్పత్తిని ముందుకు సాగదీస్తూ పోతే, అసలు నిష్పత్తి అంటూ ఒకటి ఉన్న పక్షంలో ఎప్పటికైనా దాన్ని చేరుకుంటాం. దీనిలో లోటు ఏమిటంటే, చివరికి అదే నిష్పత్తిని చేరుకుంటూ, దారిలో మాత్రం పూర్తిగా వేరు వేరు అంచనాలు చెప్పే పద్ధతులు అనంతంగా ఉన్నాయి, వాటిలో ఇదే ఎందుకన్నదానికి ఆ వాదంలో జవాబు లేదు. గెర్‌హార్డ్ షూర్జ్ దీన్ని మెరుగుపరిచి, మనకు అందుబాటులో ఉన్న జోస్యకారుల గత విజయాలను బట్టి ఒక్కొక్కరి మాటకు తగినంత బరువు ఇస్తూ పోతే, దీర్ఘకాలంలో వారిలో ఉత్తముడికి మనం తీసిపోమని గణితంతో చూపిస్తాడు. ఇది లోకం ఏకరూపంగా ఉందని ఏ మాత్రమూ చెప్పదు, ఉన్నవాటిలో మేలైనదాన్ని మనం పోగొట్టుకోబోమని మాత్రమే చెబుతుంది. ఇటీవలి ప్రయత్నాలలో అన్నిటికన్నా నిజాయితీ గలది ఇదేనని నేను అనుకుంటాను.

పి.ఎఫ్. స్ట్రాసన్ 1952లో చెప్పిన సమాధానాన్ని, అంటే సాక్ష్యాన్ని బట్టి నమ్మడమే హేతుబద్ధత అర్థమైనప్పుడు దానికి వేరే సమర్థన అడగడమే అసంగతమన్న మాటను, వ్యాసం తగినంత గౌరవంతోనే పరిశీలిస్తుంది. నాకు అది ప్రశ్నను దాటవేయడంగానే తోచింది. శాస్త్రానికి ఆగమనమే అక్కర్లేదు, ఊహలను ఖండిస్తూ పోతే చాలన్న కార్ల్ పోపర్ వాదానికి ఎదురయ్యే కష్టం కూడా సూటిగా ఉంది: ఇంతవరకు ఖండనకు గురికాని సిద్ధాంతాన్నే నమ్మి రేపు వంతెన ఎందుకు కట్టాలో ఆ వాదం చెప్పలేదు.

ఇక తెలుగు పాఠకుడు పక్కన పెట్టుకోవలసిన పుస్తకం సంగతి. పదిహేడవ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం మన సంస్కృత పాఠశాలల్లో నేటికీ న్యాయ దర్శనానికి, అంటే భారతీయ తర్కశాస్త్రానికి, తొలి పాఠం. వంటిల్లు మొదలైన చోట్ల మాటిమాటికీ చూసి, ఎక్కడెక్కడ పొగ ఉందో అక్కడక్కడ నిప్పు ఉందన్న వ్యాప్తిని, అంటే తప్పని సంబంధాన్ని, గ్రహించినవాడు కొండ దగ్గరికి వెళ్లి, అక్కడ పొగను చూసి నిప్పును ఊహిస్తాడని ఆ గ్రంథం చెబుతుంది. ఇంతటితో ఆగితే అది అమాయకమైన ఆగమనమే. కానీ అన్నంభట్టు తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో రెండు ఆక్షేపణలు లేవనెత్తుతాడు. పార్థివ పదార్థాలను ఇనుముతో గీయవచ్చని వందలసార్లు చూసినా వజ్రం దగ్గర ఆ నియమం తప్పుతున్నది కదా, మరి పదేపదే చూడటం వల్ల వ్యాప్తి ఎలా తెలుస్తుంది? లోకంలోని నిప్పులూ పొగలూ అన్నీ మన ఇంద్రియాలకు అందవు కదా, అన్నింటినీ చుట్టివచ్చే నియమం ఎలా తెలుస్తుంది? హంసలన్నీ తెల్లనివే అన్న సూత్రాన్ని పడగొట్టడానికి పడమటి పుస్తకాల్లో నల్లహంస చేసే పనిని ఇక్కడ వజ్రం చేస్తోంది. మొదటిదానికి ఆయన సమాధానం, వ్యభిచారం, అంటే నియమం తప్పిన సందర్భం, తెలియకపోవడం తోడైన సహచార జ్ఞానమే, అంటే రెండూ కలిసి ఉంటాయన్న జ్ఞానమే, వ్యాప్తిని పట్టిస్తుందని, సందేహం వస్తే కార్యకారణ భావమే భంగమైపోతుందన్న తర్కం దాన్ని తొలగిస్తుందని. రెండవదానికి సమాధానం, ధూమత్వం, వహ్నిత్వం అనే సామాన్య ధర్మాల ద్వారా, అంటే పొగలన్నింటికీ, నిప్పులన్నింటికీ ఉమ్మడిగా ఉండే ధర్మాల ద్వారా, సకల ధూమాలూ సకల వహ్నులూ జ్ఞానానికి అందుతాయని.

ఈ రెండవ సమాధానాన్ని మనసులో పెట్టుకుని హెండర్సన్ వ్యాసంలో తాత్త్వికుడు డేవిడ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అభిప్రాయాన్ని వివరించే చోటు చదివితే విషయం ఎంతో దగ్గరగా అనిపిస్తుంది. ప్రకృతి నియమాలు సామాన్య ధర్మాల మధ్య ఉండే అవశ్య సంబంధాలని, చూసిన క్రమానికి ఉత్తమమైన వివరణ అలాంటి నియమమేనని ఆయన అంటాడు. రెండింటికీ ఎదురయ్యే ప్రశ్న కూడా ఒకటే: ఆ సంబంధం ఇంతవరకు ఉందనడానికి మన అనుభవం సాక్ష్యమైతే, అది ఇకముందూ ఉంటుందనడానికి ఏది సాక్ష్యం?

హ్యూమ్ ఉభయసంకటానికి అంతకన్నా దగ్గరి బంధువు, ప్రత్యక్షంగా కనిపించేదాన్నే నమ్మిన చార్వాకుల వాదం. పద్నాలుగవ శతాబ్దంలో విజయనగర కాలపు మాధవుడు సర్వదర్శన సంగ్రహంలో దాన్ని భద్రపరిచాడు: వ్యాప్తి ప్రత్యక్షం వల్ల తెలియదు, ఎందుకంటే గతమూ భవిష్యత్తూ ఇంద్రియాలకు అందవు, అనుమానం వల్ల, అంటే ఒకదాన్ని చూసి మరొకదాన్ని ఊహించడం వల్ల, తెలియదు, ఎందుకంటే ఆ అనుమానానికి మరో వ్యాప్తి కావాలి. దీనికి న్యాయ దర్శన పండితులైన ఉదయనుడూ, ఆయన వెనుక గంగేశుడూ ఇచ్చిన జవాబు మనిషి ప్రవర్తన మీద ఆధారపడింది. పొగ కావాలన్నప్పుడు నిప్పు రాజేస్తావు, ఆకలి తీరాలన్నప్పుడు అన్నం తింటావు, అలాంటప్పుడు ఆ సంబంధాన్ని శంకిస్తున్నానన్న నీ మాట నీ చేతకే విరుద్ధమని వారు అంటారు. శంకకు వ్యాఘాతమే, అంటే ఇలా తన చేతతో తానే విభేదించడమే, హద్దు. విశేషమేమిటంటే హ్యూమ్ ఇదే జవాబును ఊహించి ముందే బదులిచ్చాడు: పని చేసే మనిషిగా నాకు ఏ సందేహమూ లేదు, కానీ తెలుసుకోగోరే మనిషిగా ఇలా ఊహించడానికి ఆధారం ఏమిటని అడుగుతున్నాను, నా ప్రవర్తన ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఒకరి మాట మరొకరు వినే అవకాశం లేని రెండు లోకాలలో ఇంత సూటిగా ఎదురుబొదురుగా నిలిచిన వాదాలు చాలా అరుదు. నాకు ఇక్కడ హ్యూమ్ పక్షమే బలంగా కనిపిస్తుంది. అన్నం తినడం నా అలవాటును చూపిస్తుందే తప్ప, ఆ అలవాటుకు హేతువును చూపించదు. ఉదయనుడి పక్షాన చెప్పదగినది కూడా ఉంది: ఎవరి జీవితంలోనూ ఏ మార్పూ తేలేని శంకను శంకగా లెక్కించాలా అన్నది హ్యూమ్ పూర్తిగా తేల్చిన ప్రశ్న కాదు.

విజ్ఞానసర్వస్వంలో ఈ భారతీయ చర్చకు వేరే వ్యాసాలు ఉన్నాయి. గంగేశుడి మీద ఒకటి, సకల ప్రమాణాలనూ, అంటే జ్ఞానసాధనాలన్నింటినీ, ఖండించిన జయరాశి భట్టు మీద మరొకటి. జయరాశి తత్త్వోపప్లవసింహం తాళపత్ర ప్రతి 1926లో గుజరాత్‌లోని పాటన్‌లో దొరికి, 1940లో అచ్చయింది. ఈ వ్యాసాలను ఆగమన సమస్యతో కలిపి చదువుకునే పని పాఠకుడి మీదే పడుతుంది. ప్రధాన వ్యాసం చర్చ హ్యూమ్ వాదం చుట్టూ అల్లుకున్నది కాబట్టి ఇది అర్థం చేసుకోదగినదే, అయినా ఒకే ప్రశ్న మీద ఇంత లోతుగా ఆలోచించిన రెండు సంప్రదాయాలు ఒకే పుటలో మాట్లాడుకోకపోవడం నాకు వెలితిగా ఉంది.

అమెరికా తాత్త్వికుడు నెల్సన్ గుడ్‌మన్ చూపిన చిక్కు కోసం కూడా ఆయన పేరుతో ఉన్న విడి వ్యాసానికి వెళ్లడం మంచిది. ఒక నిర్ణీత కాలానికి ముందు పరీక్షించినవైతే ఆకుపచ్చగా ఉండేవీ, లేకపోతే నీలంగా ఉండేవీ అన్నింటికీ ‘గ్రూ’ అని పేరు పెడితే, ఇంతవరకు చూసిన మరకతాలన్నీ ఆకుపచ్చవే కాదు, గ్రూ కూడా. అదే సాక్ష్యం రెండు విరుద్ధమైన భవిష్యత్తులను సమానంగా బలపరుస్తోంది. ప్రకృతి ఏకరూపమని ఒప్పుకున్నా సరిపోదు, ఏ ధర్మాల విషయంలో ఏకరూపమో చెప్పాలన్నది దీని తాత్పర్యం.

వ్యాసం పొడవైనది, భాష గట్టిది, బొమ్మలు ఉండవు. ఫోనులో కన్నా కంప్యూటరు తెర మీద చదవడం నయం. యంత్రానువాదంతో తెలుగులోకి మార్చుకుని చదివే ప్రయత్నం వద్దు, వాదంలోని కీలకమైన పదాలు వాక్యవాక్యానికీ మారిపోతాయి. మొదటిసారి చదివేవారు హ్యూమ్ వాదాన్ని విప్పిన భాగం పూర్తిగా చదివి, సంభావ్యతా గణితం ఉన్న చోట్లను వదిలేసి, నార్టన్, రైషెన్‌బాఖ్, షూర్జ్ భాగాలకు వెళ్లవచ్చు. గణితానికి తర్వాత తిరిగి రావచ్చు. తర్కసంగ్రహాన్ని దీపికతో సహా దగ్గర పెట్టుకోవాలని మళ్లీ చెబుతున్నాను. పరిశోధన పత్రంలో ఉదహరించేవారు మాత్రం ఒక జాగ్రత్త తీసుకోవాలి: రచయిత సవరించినప్పుడల్లా పుట మారుతుంది కాబట్టి, మూడు నెలలకు ఒకసారి భద్రపరిచే స్థిర ప్రతుల లంకెనే ఇవ్వాలి. ఆ లంకె ప్రతి వ్యాసం చివర ఉపకరణాల భాగంలో దొరుకుతుంది.